వాదీ ఒడ్డున తుమ్మిందెవరు?

దయ్యాలంటే నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. శకునాలంటే అసలే లేదు. గల్ఫ్ ప్రయాణానికి గడప దాటుతుంటే మా చిన్నమ్మ తుమ్మింది. కాసేపు కూర్చుని, నీళ్లు తాగి పొమ్మని అమ్మ ఎంత బతిమాలినా వినలేదు. బొంబాయి బస్సు తప్పిపోతుందని వెళ్లిపోయాను, నాకేమీ కాలేదు కూడా. అట్లాంటి మనిషినని ముందే చెప్పకపోతే తర్వాత చెప్పేది మీరు వేరేగా అనుకుంటారు.

డెబ్బైల చివర్లో నేను మస్కట్‌లో ఒక కంపెనీ బస్సు నడిపేవాణ్ని. మాది జగిత్యాల దగ్గర. రోజూ లేబర్‌ను హమ్రియా బస్తీలోని రూముల నుంచి సైట్‌కు తీసుకుపోయి, సాయంత్రం మళ్లీ దింపడం నా డ్యూటీ. ఒక శుక్రవారం, సెలవు రోజున, మన ఇండియా పిల్లలు చదివే ఒక బడివాళ్లు పాత కోటలు చూపించడానికి బస్సు అడిగారు. నిజ్వా కోట, బహ్లా మట్టి గోడ చూపించి, పొద్దుగూకే లోపల పిల్లలను ఇళ్లకు చేర్చాలి. ఒక్క పిల్లకు గీటు పడినా నీ పని అయిపోయినట్టేనని ఫోర్‌మన్ చెప్పి మరీ తాళం ఇచ్చాడు.

పిల్లలు ఇరవై ఎనిమిది మంది. వెంట వచ్చిన పెద్దమనిషి ఖాదర్ సార్ ఒక్కరే. హైదరాబాద్ ఆయన, బడిలో చరిత్ర చెప్పేవారు. ఆయన కూతురు నస్రీన్ కూడా అందులోనే ఉంది. నిజ్వాలో గుండ్రటి బురుజు ఎక్కారు, దిగారు, ఫిరంగుల మీద కూర్చున్నారు. బహ్లాలో కుమ్మరుల దగ్గర చిన్న కుండలు కొనుక్కున్నారు. ఎండకు నా ప్రాణం పోయింది గానీ వాళ్లకు అలుపే లేదు.

తిరిగి వస్తుంటే మూడున్నర, నాలుగు అయి ఉంటుంది. దారిలో ఒక వాదీ దాటాలి. వాదీ అంటే మన వాగే, కాకపోతే ఏడాదంతా ఎండి రాళ్లు తేలి ఉంటుంది. అప్పటికి వంతెన లేదు. రోడ్డు వాగులోకి దిగి అవతలి గట్టుకు ఎక్కేది. పొద్దున దాన్ని దాటే వచ్చాం. ఇప్పుడూ పొడిగానే ఉంది. మా ముందున్న పికప్ దాటిపోయింది కూడా. మా మీద ఆకాశంలో వేలెడు మబ్బు లేదు.

దిగుడు దగ్గర ఆగి, మొదటి గేరు వేసి, క్లచ్ వదులుతున్నాను. ఎవరో తుమ్మారు. గట్టిగా, ఒక్కటే తుమ్ము.

నా చేయి తాళం తిప్పేసింది. ఇంజన్ ఆగింది. చిన్నమ్మ తుమ్మితే ఆగనివాణ్ని, ఎవరిదో తెలియని తుమ్ముకు ఆగాను.

“ఏంది పోచయ్యా, బండి బంద్ జేసినవ్?” అన్నారు ఖాదర్ సార్.

“ఎవరో తుమ్మిన్రు సార్. జరసేపు ఆగి, మంచినీళ్లు తాగి పోదం.”

“తౌబా! పిల్లల ముందట ఇదేం మాటయ్యా? అమ్మానాయినలు రాస్త చూస్తుంటరు. నడువ్!”

పిల్లలు ఒకటే నవ్వులు. నాకు సిగ్గుతో చెవులు కాలాయి. అయినా మొండికేసి క్యాన్ దించి నీళ్లు తాగాను. దాహం లేదు, ఊరికే తాగాను. ఖాదర్ సార్ గడియారం చూస్తూ, నీ మాట కంపెనీలో చెప్తానని అంటూనే ఉన్నారు.

మూత పెడుతుంటే చప్పుడు వినిపించింది. టిప్పర్ కంకర కుమ్మరిస్తే వస్తుందే, ఆ చప్పుడు. అది ఆగలేదు, పెద్దదయింది. ఎడమ మలుపు నుంచి ఎర్రటి నీళ్లు వచ్చాయి. వేళ్లతో సహా ఒక తుమ్మచెట్టు, దాని వెనక బండలు. రోడ్డు పక్కన పాతిన సిమెంటు రాళ్లు కళ్ల ముందే కొట్టుకుపోయాయి. మేం దిగి ఉంటే, అంత వెడల్పు వాగులో మొదటి గేరుతో పాకుతూ అప్పటికి సరిగ్గా నడిమధ్యలో ఉండేవాళ్లం. బస్సులో ఒక్కరూ నవ్వలేదు. ఖాదర్ సార్ నస్రీన్‌ను ఒళ్లోకి లాక్కుని ఏడ్చారు.

వరద వింత కాదు. కొండల అవతల వాన పడితే ఇవతల ఎండలోనే వాదీ వస్తుందని అక్కడ అందరికీ తెలుసు. వింత తర్వాతది.

నీళ్లు తగ్గేదాకా గట్టు మీదే ఉన్నాం. తుమ్మిందెవరో వాళ్ల కాళ్లు మొక్కాలనిపించింది నాకు. ఖాదర్ సార్ క్లాసులో అడిగినట్టే అడిగారు. తుమ్మినవాళ్లు చేయెత్తండి. ఒక్క చేయీ లేవలేదు. విన్నవాళ్లు ఎత్తండి అన్నారు. అందరూ ఎత్తారు. ఆయన కూడా ఎత్తారు.

ఎటు నుంచి వినిపించిందంటే ముందు సీట్ల పిల్లలు వెనక్కి చూపించారు. వెనకవాళ్లు ముందుకు చూపించారు. నస్రీన్ పైకి చూపించింది. నాకైతే ఎడమ చెవి పక్కనే, కిటికీ అవతల నుంచి వినిపించింది. అక్కడ రాళ్లు తప్ప ఏమీ లేవు.

భయపడి చెప్పడం లేదేమోనని, తుమ్మినవాళ్లకు పెన్ను ఇస్తానన్నారు సార్. వెంటనే ఆరుగురు లేచారు, దొంగపిల్లలు! తుమ్మి చూపించమన్నాం. ఒక్కటీ దాని దరిదాపుల్లో లేదు. అది పిల్లల తుమ్ము కానే కాదు. ముక్కుపొడుం పీల్చే ముసలాయన తుమ్ము. బస్సులో పెద్ద మగవాళ్లం ఇద్దరమే. నేను తుమ్మలేదు. సార్ కూతురి తల మీద చేయి పెట్టి ఒట్టేశారు.

రూములో మావాళ్లకు చెబితే, బహ్లాలో జిన్నులుంటయి, ఒకటి బస్సెక్కి ఉంటదన్నారు. జిన్నుకు పడిశం పడుతుందా? ఇంకొకడు దేవుడన్నాడు, మరొకడు దుమ్మన్నాడు. దుమ్మే అనుకుందాం, దుమ్ముకు ముక్కు ఉండదు కదా. నలభై ఏళ్లకు పైగా తిప్పి తిప్పి చూశాను. నాకు అంతు చిక్కలేదు.

ఖాదర్ సార్ నా మీద కంపెనీకి ఏమీ చెప్పలేదు. పిల్లలందరూ చీకటి పడ్డాక ఇళ్లు చేరారు, తల్లిదండ్రులు నన్నే తిట్టారు. ఆ తిట్లు అంత తియ్యగా మళ్లీ ఎప్పుడూ వినలేదు.

మా దగ్గర ఎవరైనా తుమ్మితే, పక్కనున్నవాళ్లు ‘నూరేండ్లు బతుకు’ అంటారు. ఆ రోజు బస్సులో ముప్ఫై మందిమి విన్నాం, ఒక్కరం కూడా ఆ మాట అనలేదు. ఇప్పుడైనా అనాలని ఉంటుంది. ఎవరిని చూసి అనాలో తెలియదు.