లంకలో పెట్టిన దండం

పట్టిసీమకు ఎగువన, గోదావరి మధ్య లంకలో పడవ నన్ను దింపింది. ఇసుక, నడుమెత్తు రెల్లు, పొగమంచు. పదిహేడేళ్లు సరిహద్దులో రైఫిలు మోసి రిటైరైన నన్ను, గద్దల వేట ఆపే దళంలోకి మూడు నెలలకు తీసుకున్నారు. టార్పాలిన్, వాకీటాకీ, లాఠీ ఇచ్చారు. బరువు బాగా తగ్గింది.

శత్రువులు ఇద్దరు. పావురాన్ని ఎరగా కట్టి వల పన్నుతారు. పడిన గద్ద కాళ్లు నరికి, గోళ్లు పట్నంలో అమ్ముతారు. వెండిలో పొదిగితే అదృష్టం తాయెత్తు. ఎనిమిది గోళ్లూ ఒంటిమీదే ఉన్న గద్దకు ఆ అదృష్టం ఎందుకు పట్టలేదో ఎవరూ అడగరు.

పదకొండో రోజు ఉదయం ఆరూ నలభై. మంచు విడింది. నేనూ మా దళం జీపు డ్రైవరూ రెల్లులో బోర్లా పడుకున్నాం. నలభై గజాల్లో, వలలో గరుడ పక్షి కొట్టుకుంటోంది. జత పక్షి కూడా పడుతుందని ఆ ఇద్దరూ ఆగారు. ఒకడి దగ్గర కత్తి, రెండోవాడి దగ్గర నాటు తుపాకీ.

వాకీటాకీలో ఆఫీసరు: "బోటు పది నిమిషాల్లో వస్తుంది. కదలొద్దు. పక్షి ప్రాణాలతో కావాలి. ఓవర్."

ఆరూ నలభై ఆరుకు జత పక్షి మా నెత్తిమీదికి వచ్చింది. డ్రైవరు మోకాళ్లమీద లేచాడు.

"ఏమయ్యా, పడుకో!"

"గరుడ పక్షండీ. దండం పెట్టకపోతే ఎలాగండీ?"

"పడుకునే పెట్టు!"

"పడుకుని దండమేంటండీ బాబూ, తప్పు కదండీ!"

జోడించిన చేతులు రెల్లు పైకి లేచాయి. తుపాకీ పేలింది. ఒకే గుండు రెండు అరచేతుల్లోంచీ దూసుకుపోయింది. నాటుదైనా దుబారా లేని తుపాకీ.

లాఠీతో పరుగెత్తాను. వాడు తుపాకీ తిరగేసి దవడమీద కొట్టాడు. రెండు పళ్లు లంకకు సమర్పించుకున్నాను. ఇసుకలో పడి ఉండగానే చూశాను: కత్తివాడు వలలోని పక్షి రెండు కాళ్లూ నరికి సంచిలో వేసుకున్నాడు. పక్షిని అవతలికి విసిరి, ఆ చేతినే కళ్లకద్దుకున్నాడు. భక్తికి లోటు లేదు. ఇద్దరూ పడవెక్కి పోయారు.

మా బోటు టైముకే వచ్చింది.

పక్షి ఇసుకలో నెత్తుటి గీత గీస్తూ రెక్కలతో పాకింది. గాలి అందింది. లేచింది.

"బతికిందండీ!" అన్నాడు డ్రైవరు. చేతులకు చుట్టిన తువ్వాలు ఎర్రగా తడిసిపోయింది.

అది ఒడ్డున చెట్టుమీద వాలబోయింది. జారింది. లేచింది. మళ్లీ ఆ కొమ్మకే వచ్చింది. మళ్లీ జారింది.

"ఎక్కడ వాలుతుందండీ?"

పక్షి ప్రాణాలతో ఉందని వాకీటాకీలో రిపోర్టు ఇచ్చాను.

మూడు నెలలయ్యాక జంగారెడ్డిగూడెంలో బస్సు దిగాను. ఎదురొచ్చిన మా ఆవిడ ఆకాశంలోకి చూసి చేతులు జోడించింది.

"గరుడ పక్షండీ. మీరూ పెట్టండి, మంచిది."

పెట్టాను. కానీ అప్పుడూ ఇప్పుడూ, ముందు దాని కాళ్లు చూస్తాను.