బస్తా ఆడదా, మగదా?

నా చిన్నప్పుడు కొన్నాళ్ళు నేను అపశకునంగా బతికాను. ఈ మాట రాస్తుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పొద్దున్నే పదేళ్ళ పిల్ల ఎదురొస్తే, బండరాళ్ళు మోయగల మగవాళ్ళు డ్యూటీ బస్సు ఎక్కకుండా ఆగిపోయేవాళ్ళు. నేను పక్కకు తప్పుకున్నాక గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరేవాళ్ళు. ఏ కాలం చెల్లిన కుగ్రామంలోనో అనుకునేరు. ఒమాన్‌లో, బర్కా దగ్గర, క్రేన్లూ కాంక్రీటు మిక్సర్లూ నడిపే మనుషుల క్యాంపులో.

మా నాన్న ఆ కంపెనీలో స్టోరు చూసేవాడు. క్యాంపు గోడకు ఆనుకొని మాకొక చిన్న ఇల్లు ఇచ్చారు. మా మేనమామ అదే కంపెనీలో మెకానిక్కు. అంతకుముందు కొన్నేళ్ళు సైన్యంలో, మంచు కొండల్లో పనిచేసి వచ్చాడు. మంచు మీద జారడానికి కాళ్ళకు కట్టుకునే పొడవాటి చెక్క పలకలను స్కీలంటారని నాకు చెప్పింది ఆయనే. ఒక యూరప్ ఇంజినీరు పని ముగించుకొని పోతూ తన పాత స్కీలను చెత్తలో పడేస్తే, మామ వాటిని ఇంటికి తెచ్చుకున్నాడు. మనిషి కంటే ఎత్తు, రూళ్ళకర్రలా తిన్నగా ఉండేవి. తోలు బూట్ల మడమను ఒక ఇనుప తీగ, స్ప్రింగు బిగించి పట్టుకునేవి. ఇప్పటి స్కీలు మనిషి పడగానే బూటును వదిలేస్తాయి. అవి వదిలేవి కావు.

మంచు లేని దేశంలో వాటితో ఏం చేస్తావని అందరూ నవ్వారు. బర్కా నుంచి లోపలికి పోతే తెల్ల ఇసుక దిబ్బలు వస్తాయి. మామ ఆ స్కీల అడుగున నున్నటి అల్మారా రేకు అతికించి, కొవ్వొత్తి మైనం రుద్ది, శుక్రవారం సెలవునాడు దిబ్బ ఎక్కాడు. కుర్రాళ్ళు డ్రమ్ము రేకుల మీద కూర్చుని, బళ్ళు తొక్కి గట్టిపరచిన దారిలోనే జారేవాళ్ళు. మామ ఆ దారి ముట్టలేదు. ఎవరూ కాలు పెట్టని నిట్టనిలువు వైపు చూసుకొని, తన గీత తానే గీసుకుంటూ దిగాడు. ఆ చుట్టుపక్కల అలా దిగినవాణ్ణి అంతకుముందు ఎవరూ చూసి ఉండలేదు. నాకోసం విరిగిన బీరువా తలుపు కోసి రెండు పొట్టి పలకలు చేసిచ్చాడు. నేనూ దిగాను. అదే నా నేరమైంది.

ఒక చలికాలపు శుక్రవారం పొద్దున్నే నేను దిగిన కాసేపటికి, కడప నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ ఒకతను మామ స్కీలు కట్టుకొని దిగాడు. అందరూ భాయ్ అని పిలిచేవాళ్ళు. సగం దారిలో ఎవరో కాళ్ళు పట్టుకున్నట్టు స్కీలు ఆగిపోయాయి. మనిషి ముందుకు పడ్డాడు, స్కీలు వదల్లేదు, మడమ మెలితిరిగింది. క్యాంపులో మేస్త్రి ఉండేవాడు, జగిత్యాల వైపు మనిషి, అందరికీ పెద్దదిక్కు. ఆయన భాయ్‌ని లేపకముందే నావైపు చూసి తేల్చేశాడు.

"ఆడివిల్ల తొక్కిన జాగ. గట్లనే అయితది."

అంతే. దానికి రుజువు అడిగిన వాడు లేడు. నొప్పితో మూలుగుతున్న భాయ్ ఒక్కడే, "నేను పడితే ఆ పాపనెందుకంటాండారు, మేస్త్రీ" అన్నాడు. ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు. తెల్లవారే సరికి నా ఎదురు పనికిరాకుండా పోయింది. సైట్‌లో తాడు తెగినా, మిక్సర్ ఆగినా పొద్దున నేను కనబడ్డానా అని అడిగేవాళ్ళు. మా నాన్న వాళ్ళతో తగువు పెట్టుకోలేదు. బస్సు పోయేదాకా ఇంట్లోనే ఉండమని నాకు చెప్పాడు. మంచివాడే. మంచివాళ్ళు ఇలా తలుపు మూసుకోబట్టే చెడ్డమాట వీధి ఏలుతుంది. ఆ తలుపు వెనక నిలబడి నేను నా పాదాలు చూసుకునేదాన్ని. వాటిలో నిజంగానే ఏమైనా ఉందేమోనని నాకే అనుమానం మొదలైంది. పిల్లల విషయంలో మూఢత్వం చేసే అసలు హత్య ఇదే. ముందు లోకం నమ్ముతుంది, తర్వాత ఆ పిల్లే నమ్ముతుంది.

మామ ఆ వారమంతా వాదించలేదు. రెండు స్కీల మీద అడ్డంగా ఒక చెక్క బిగించాడు. శుక్రవారం దిబ్బ దగ్గర బిర్యానీ వండుదామని పిలిస్తే మేస్త్రితో సహా అందరూ పికప్ ఎక్కారు. శకునం భయం కన్నా బిర్యానీ గట్టిది. భాయ్ కట్టుకట్టిన కాలితో ముందు సీట్లో కూర్చున్నాడు. నన్ను బండి దిగొద్దన్నాడు మామ.

పొద్దున్నే, ఇంకా చలిగా ఉండగానే, ఇసుక నింపిన సిమెంటు బస్తాను ఆ చెక్కకు కట్టి, భాయ్ దిగిన చోటి నుంచే వదిలాడు. బస్తా సర్రున దిగి, సరిగ్గా భాయ్ పడిన మేరకు వచ్చి, ముక్కు నేలకు పొడుచుకొని బోర్లా పడింది.

"చూసినవా," అన్నాడు మేస్త్రి, గెలిచినట్టు. "గా జాగల ఏదో ఉన్నది."

"ఉన్నది," అన్నాడు మామ. "పిల్ల బండ్లనే ఉన్నది. కాలు కింద పెట్టలే. మరి దీన్నెవలు పడగొట్టిన్రు? మేస్త్రీ, గీ బస్తా ఆడిదా, మొగదా?"

భాయ్ ముందుగా నవ్వాడు. తర్వాత అందరూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. "పోయిన వారం తొక్కింది గద. దోషం ఒక్క వారంల పోతదా?" అన్నాడు. నమ్మేవాడి దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఏం జరిగినా ఆ జవాబు చెల్లుతుంది కాబట్టే అది జవాబు కాదని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. మామకు అప్పటికే అర్థమైంది. అందుకే, తిన్నాక ఎండ ఆ వైపుకు తిరిగే దాకా ఆగి, మేస్త్రిని ముందే మాటలో కట్టేశాడు.

"ఇప్పుడు పిల్లతోని ఆ జాగ మళ్ళ తొక్కిపిస్త. దోషముంటే బస్తా పడాలె. అంతేనా?"

"పడ్తది," అన్నాడు మేస్త్రి.

నన్ను దింపారు. చెప్పులు విప్పి ఆ చోట అటూ ఇటూ నడిచాను. అంతమంది చూస్తుండగా, ఆ బస్తా పడితే నా జీవితం ఇక ఆ తలుపు వెనకే అని నాకు తెలుసు. మామ వదిలాడు. బస్తా నా అడుగుల మీదుగా, ఎక్కడా తడబడకుండా, దిబ్బ అడుగుకు పోయి మెల్లగా ఆగింది. నా ఊపిరి దాని వెనకే వచ్చింది.

అప్పుడు మామ విషయం విప్పి చెప్పాడు. చలికాలం రాత్రి పొగమంచు పట్టి ఇసుక తడుస్తుంది. ఆ చోట మధ్యాహ్నం దాకా నీడ. తడి ఇసుక స్కీని పట్టేస్తుంది, ఎండ తగిలి ఆరితే వదిలేస్తుంది. నేను తేలిక, నా పలకలు పొట్టివి కాబట్టి ఆ తడి నన్ను పట్టలేదు. "తప్పు నాది," అన్నాడు అందరి ముందూ. "కొండల మీద పొద్దుగాల మంచు గట్టిగుంటది, స్కీ మంచిగ ఉరుకుతది. ఎండెక్కితే మెత్తబడి పట్టుకుంటది. గదే అలవాటు ఇసుకకు తెచ్చిన. ఈడ ఉల్టా. భాయ్‌ని పొద్దుగాల్ల దింపింది నేనే." భాయ్ కిటికీలోంచి చేయి ఊపి, "పోనీలే సార్, ఇప్పుడు తెలిసె కదా" అన్నాడు.

మనుషులు సరే సరే అనుకుంటూ గిన్నెలు సర్ది పికప్ ఎక్కారు. నిరూపణ అయిపోయింది కదా, ఇక పోదాం అన్నట్టు. మామ మాత్రం స్టీరింగ్ ముందు కూర్చొని తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"మేస్త్రీ, ఆ మాట పదిమందిల అన్నవు. పదిమందిల వాపస్ తీస్కో. గప్పటిదాంక బండి కదలది."

"పెద్దోన్ని పట్టుకొని చిన్నపిల్లకు చెప్పుమంటవా?"

"చిన్నపిల్లను పట్టుకొని అన్నప్పుడు నీ పెద్దరికం యాడ వోయింది?"

బండి ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే కూర్చున్నారు. ఎండ వాలింది. మా నాన్న కూడా తల దించుకున్నాడు. చివరికి మేస్త్రి నావైపు తిరిగాడు. "బిడ్డా, నీ తప్పేం లేదు. నేనన్నది తప్పు." గొంతులో ప్రేమేమీ లేదు. కానీ మాట పూర్తిగా అన్నాడు, అందరూ విన్నారు. మర్నాడు పొద్దున నేను గేటు దగ్గర నిలబడితే ఎవరూ ఆగలేదు. లోపల ఏమనుకున్నారో నాకు తెలియదు, అక్కర్లేదు.

మామ ఇప్పుడు లేడు. నేను ఒమాన్‌లోనే ఉండిపోయాను. ఆయన పేరు కూడా తెలియని కుర్రాళ్ళూ అమ్మాయిలూ అల్ ఖౌద్ నుంచి, సహం నుంచి ఆ దిబ్బలకు వస్తున్నారు. బళ్ళ దారి వదిలి ముట్టని వైపే దిగుతున్నారు. దిగే ముందు వంగి ఇసుకలో చేయి పెట్టి చూస్తున్నారు. పాతకాలపు పొడుగు స్కీలు ఎక్కడెక్కడినుంచో వెతికి తెచ్చుకొని మురిసిపోతున్నారు. ఇంతవరకు బాగానే ఉంది. మొన్న ఒక కుర్రాడు అలాంటి స్కీ కొసకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టి తెచ్చాడు. ఈ పాత చెక్కలో మహిమ ఉందట, ఇది కట్టినప్పటి నుంచి పడలేదట. విప్పమన్నాను. "ఉంటే ఏం నష్టం పెద్దమ్మా?" అన్నాడు నవ్వుతూ.

నష్టం చెప్పాను. పడనందుకు నిమ్మకాయకు దండం పెట్టినవాడు, పడిన రోజున తిట్టడానికి ఒక మనిషిని వెతుక్కుంటాడు. ఆ మనిషి ఎప్పుడూ తిరిగి కొట్టలేని మనిషే అయి ఉంటుంది. ఆడపిల్లో, విధవో, కొత్తగా వచ్చిన కూలివాడో. మహిమకూ అపశకునానికీ తల్లి ఒక్కతే.

కుర్రాడు విప్పాడు. వాదన నచ్చి విప్పాడో, నా నోటికి జడిసి విప్పాడో చెప్పలేను. నా కోపం చల్లారలేదు, చల్లార్చుకునే ఉద్దేశమూ లేదు. ఒక మనిషి మీద వేసిన నింద తప్పని రుజువు చేసి ఊరుకుంటే సగం పనే అయినట్టని ఆ సాయంత్రం నాకు మామ నేర్పాడు. అందుకే నేటికీ, ఎవరింట్లోనైనా, ఏ సభలోనైనా, అలాంటి మాట నా చెవిన పడితే, అన్న నోటితోనే, విన్నవాళ్ళ ముందే దాన్ని వెనక్కి తీసుకునేదాకా నేను లేచి రాను. ఈ అలవాటు వల్ల నాకు చుట్టాలు తగ్గారు, పిలుపులు తగ్గాయి. మొండిదని పేరొచ్చింది. ఆ ఒక్క మాట మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోనక్కర్లేదు.