బెంచీల వారీగా భవిష్యత్తు

ఇవాళ రేగొండలో మన బడి గేటుకు 'కెరీర్ గైడెన్స్' ఫ్లెక్సీ కట్టారు. అది చూడగానే పదో తరగతి గుర్తొచ్చి ఒళ్లు మండింది. మనకు జరిగిన గైడెన్స్ యాదికుందా దోస్తులారా? జూనియర్ కాలేజీ ఏజెంటు వచ్చి, తలా ఒక పరీక్ష ప్యాడ్ చేతిలో పెట్టి, మహాజ్ఞానిలా మన భవిష్యత్తును బెంచీల వారీగా పంచిపెట్టాడు.

"ముందు బెంచీలు ఎంపీసీ. ఆడపిల్లలు బైపీసీ. ఎనకోల్లు సీఈసీ."

మన స్వరూప లేచి నిలబడింది. "సార్, నాకు చెల్పూర్ కరెంటు ప్లాంటుల మిషన్లు నడపాలెనని ఉంది. ఏం చదవాలె?"

"గవన్ని నీకెందుకు బిడ్డా? బైపీసీ రాసుకున్న, కూసో."

రెండేళ్లు కప్ప బొమ్మలు గీశాక, పది కాగానే చేరి మిషన్ల పని నేర్చుకునే పాలిటెక్నిక్ అనే చదువొకటి ఉందని ఆమెకు తెలిసింది. చెప్పింది బస్సులో పక్క సీటు పిల్ల.

ఆ సాయంత్రం స్వరూప నన్ను నిలదీసింది: "గిన్నేండ్లు బడికి పోయినం. ఒక్కలన్నా చెప్పాలె గదరా?"