సరేగారి కూపన్లు

ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది. అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. వీధిలో అందరికీ ఆయన సరేగారు. ఎవరేమడిగినా ముందు తల ఊగుతుంది, తర్వాత నోట్లోంచి "సరే" వస్తుంది, ఆ తర్వాతెప్పుడో తీరిక దొరికితే ఆలోచన వస్తుంది. ఒకే సాయంత్రం ఇద్దరు చుట్టాల ఇళ్ళకు భోజనానికి సరే అని, రెండు చోట్లా తిని, రెండో ఇంట్లో మారు వడ్డిస్తామంటే దానికీ సరే అన్న మనిషి. మర్నాడంతా మంచం దిగలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళు "మా ఇంటికెప్పుడొస్తారు?" అని అడిగితే పడుకునే తల ఊపాడు.

ఆయన బతుకంతా ఒక ప్రింటింగ్ ప్రెస్సులో గడిచింది. అక్కడ ఎక్కువగా వేసేవి షాపుల కరపత్రాలు. పొద్దున ప్రెస్సులో కట్ట విప్పితే మధ్యాహ్నానికి వీధి మలుపు దాకా అవే పరుచుకుని ఉండేవి. జనం అందుకున్న చేత్తోనే పారేసేవాళ్ళు. కాస్త మర్యాద తెలిసినవాళ్ళు మడిచి పారేసేవాళ్ళు. ప్రెస్సు మూసేసిన రోజు ఇంటికి నడిచి వస్తుంటే, ఆయన చెప్పుకు ఒక కరపత్రం అంటుకుంది. తను కూర్చిన అక్షరాలే. వంగి దాన్ని పీకుతూ, మనిషి పారేయని కాగితం ఒక్కటైనా ఉందా అనుకుని తలెత్తాడు. ఎదురుగా వస్తున్నవాళ్ళంతా తలలు వంచుకుని ఫోన్లలోకి చూస్తూ నడుస్తున్నారు. ఒక్కడు కూడా ఫోన్ పారేయడం లేదు.

అంతే, ఆయనకు బుర్రలో దీపం వెలిగింది. ఇంట్లో ఆ దీపానికి నూనె పోసేవాళ్ళు ఎవరన్నది అప్పటికి తేలలేదు.

ఆలోచన ఇది: షాపు దగ్గర్లో మనిషి నడుస్తుంటాడు. అతని ఫోన్‌కి ఆ షాపువాళ్ళ కూపన్ వెళ్తుంది, ఇంత తగ్గిస్తాం రండి అని. మనిషి ఆగుతాడు. లోపలికి వెళ్ళి కొంటాడు. దీనికి కావలసిన యాప్ ఆయన మరదలు తయారుచేసి పెట్టింది. ఆవిడ ఒక బీమా ఆఫీసులో కంప్యూటర్ల పని చూస్తుంది.

"బావా, నడిచేవాడి ఫోన్ మోగేదాకా నా పూచీ," అంది. "వాడు ఆగడం, కొనడం, అవి మాత్రం నీ పూచీ."

"సరే," అన్నాడు బావ.

తర్వాత హెడ్డాఫీసు కావలసి వచ్చింది. ఇంటికి ఉన్నది ఒకే ఒక్క ముందుగది. అందులో ఆయన భార్య కుట్టు నేర్పేది. మంచి వెలుతురున్న గది, వీధి వైపు కిటికీ. స్టార్టప్ పుణ్యమా అని ఆవిడ కుట్టు మిషన్లు పడగ్గదిలోకి వెళ్ళి, మంచానికీ బీరువాకీ మధ్య ఒకదాని వీపు ఒకటి ఆనుకుని నిలబడ్డాయి. బీరువా తెరవాలంటే ఎవరో ఒకరు మంచమెక్కాలి. ముందుగదిలోకి ఒక తెల్లబోర్డు, మూతపడిన ఏదో ఆఫీసు నుంచి ఒక చక్రాల కుర్చీ వచ్చాయి. ఠీవైన కుర్చీ. దానికి ఒకటే జబ్బు. మీట నొక్కితే పైకి లేచేది గానీ, కూర్చున్నవాణ్ణి మాటల మధ్యలో మెల్లగా, చెప్పకుండా, కిందికి దించేసేది.

నేర్చుకునే అమ్మాయిలు గుమ్మం దాకా వచ్చి, కుర్చీని చూసి వెనక్కి పోవడం మొదలయ్యాక, ఒకరోజు భార్య బోర్డు పక్కన నిలబడింది.

"ఏమండీ, ఒకటో తారీఖున కొత్త అమ్మాయిలు వస్తున్నారు. ఆలోపు ఒక్క షాపువాళ్ళతో సంతకం పెట్టించండి, గది మీదే. లేదా నా మిషన్లు నా గదిలోకి వస్తాయి."

"సరే."

"నాకు చెప్పే సరేనా, ఊరికి చెప్పే సరేనా?"

"నీకు చెప్పేదేనే," అన్నాడాయన, ఒక అంగుళం కిందికి దిగుతూ.

ఇంటికి ఎదురుగా రోడ్డుకి అవతల ఒక పాత మేడ. కింద వరసగా మూడు షాపులు: ఒక సెలూన్, ఒక కళ్ళద్దాల షాపు, ఒక లాండ్రీ. సరేగారు మంచి చొక్కా తొడుక్కుని ముందు సెలూన్‌కి వెళ్ళాడు.

సెలూన్ ఆయన వయసులో పెద్దవాడు. ఆయన కళ్ళజోడు ఒక కాడ విరిగి, దారంతో చెవికి కట్టి ఉంది. దాంతోనే జనం మెడల మీద కత్తి పెడతాడు. విషయమంతా విని ముచ్చటపడ్డాడు.

"మంచి ఆలోచనేనయ్యా. జనానికి తగ్గించి ఇవ్వాల్సిందే. సగానికి సగం పెట్టించు, ఆ కళ్ళద్దాల మీద. వాడు రాతి నుంచి నార తీసే రకం."

"మరి కటింగ్ మీద?"

"కటింగ్ మీద ఎందుకూ? జుట్టు దానంతటదే పెరుగుతుంది, మనిషి వాడంతట వాడే వస్తాడు. పెరగని వాటికయ్యా ప్రకటనలు! నేనన్నానని మాత్రం వాడితో అనకు."

సరేగారు తల ఊపాడు. సెలూన్ ఆయన ఫోన్ తీసుకుని తన చేత్తోనే యాప్ ఎక్కించి, పక్క షాపుకి వెళ్ళాడు.

కళ్ళద్దాల షాపాయన ఉన్న పళంగా అద్దం తుడవడం మొదలుపెట్టాడు. ఆలోచించేటప్పుడు అది ఆయన అలవాటు.

"మా లైన్లో తగ్గింపులు పనికిరావు సార్. సగం ధరకిస్తే సగమే కనిపిస్తుందేమో అనుకుంటారు. ఆ లాండ్రీలో పెట్టించండి, సగం. నా కోటు అక్కడ పడి ఎన్నాళ్ళయిందో. ధర విన్నాక తెచ్చుకోవడానికి మనసు రాలేదు. నా పేరు బయటికి రాకూడదు."

"సరే సార్."

లాండ్రీ నడిపేది ఒకావిడ. ఇస్త్రీపెట్టె దించకుండానే విన్నది.

"అన్నయ్యగారూ, మురికి మనకేమన్నా తగ్గించి అంటుకుంటుందా? మేమెలా తగ్గిస్తాం? కటింగ్ మీద పెట్టించండి, సగం. మా ఆయన నెత్తి చూశారా, పిచ్చుకలు వచ్చి అద్దె ఎంతని అడుగుతున్నాయి. నేను చెప్పానని పెద్దాయనతో అనకండేం."

"సరేనమ్మా."

వాళ్ళిద్దరి ఫోన్లలోనూ యాప్ ఎక్కించి, రోడ్డు దాటి ఇంటికొచ్చేసరికి ఆయన కాళ్ళు నేల మీద లేవు. "ముగ్గురూ ఒప్పుకున్నారు!" అని గుమ్మంలోంచే కేకేశాడు. ఆయన అబద్ధమాడలేదు. ముగ్గురూ ఒప్పుకున్నారు. దేనికి ఒప్పుకున్నారన్నదే కాస్త పక్కకు జరిగింది.

మరదలు యాప్‌లో వివరాలు నింపుతూ అడిగింది. "ఏ షాపులో ఎంత తగ్గింపు బావా?"

"మూడింటిలోనూ సగం."

"ఎవరి షాపు సంగతి వాళ్ళే చెప్పారా?"

"ముగ్గురి నోటా సగమనే మాట నా చెవులతో విన్నాను."

ఇదీ అబద్ధం కాదు. లోలోపల ఏదో గుచ్చుకుంటూనే ఉంది. ముగ్గుర్నీ ఒకచోట కూర్చోబెడితే వాళ్ళే సర్దుకుంటారులే అనుకున్నాడు. ఎదురెదురుగా కూర్చుని కాదనడం ఎవరికైనా కష్టమే కదా, తనకు కష్టమైనట్టే.

సెలవు రోజు పొద్దున ముగ్గురూ హెడ్డాఫీసుకి వచ్చారు. బల్ల మీద ఒప్పందం కాగితాలు, వాటి మీద మూత తీసిన పెన్ను. భార్య టీలు ఇచ్చి, లోపలికి పోకుండా గుమ్మానికి ఆనుకుని నిలబడింది. సరేగారు కుర్చీని పూర్తిగా పైకి లేపి మొదలుపెట్టాడు. ఈ వీధితో మొదలై, ఊరంతా పాకి, పక్క ఊళ్ళు మింగి, ఎక్కడ మనిషి నడిస్తే అక్కడ కూపన్ మోగుతుందన్నాడు. మాటలు కోటలు దాటుతున్నాయి, మనిషి మాత్రం దిగిపోతున్నాడు. దేశదేశాల శాఖల దగ్గరికి వచ్చేసరికి ఆయన గడ్డం బల్లకు ఆనింది.

"లే బావా, వాళ్ళకు కనపడటం లేదు నువ్వు," అంది మరదలు.

ఆయన లేచి నిలబడ్డాడు. "ఇప్పుడు చూడండి. రోడ్డు మీద నడిచే మనిషి ఎలా ఆగుతాడో!" అని ఫోన్‌లో బొత్తాం నొక్కాడు.

అందరూ కిటికీ వైపు తిరిగారు. ఒకాయన ఫోన్ పట్టుకుని నడిచి వస్తున్నాడు. సరిగ్గా కిటికీ ముందు ఆగాడు. గదిలో ఎవరూ ఊపిరి తీయలేదు. ఆయన గట్టిగా తుమ్మి, ముక్కు తుడుచుకుని వెళ్ళిపోయాడు.

మోగింది గదిలోనే. యాప్ ఉన్న ఫోన్లు ఊరు మొత్తానికీ ఆ గదిలోనే ఉన్నాయి మరి. షాపువాళ్ళ ముగ్గురివీ, ఇంట్లోవాళ్ళవీ ఒకదాని వెనక ఒకటి టింగుమన్నాయి. సెలూన్ ఆయన ఫోన్‌ని చేయి చాచినంత దూరం పెట్టి చూసి, లాభం లేక పక్కనున్న కళ్ళద్దాల ఆయనకిచ్చాడు.

"ఏం రాశాడో చదివి పెట్టు నాయనా."

ఆయన గొంతు సవరించుకుని చదివాడు. "శుభవార్త. కళ్ళద్దాలు... సగం..." ఆ తర్వాతి మాట గొంతులోనే ఉండిపోయింది.

"గట్టిగా చదవవయ్యా!"

"సగం ధరకే అని ఉంది. ఇది నేనెప్పుడు చెప్పాను?"

"నువ్వు చెప్పలేదు. నేను చెప్పాను," అన్నాడు సెలూన్ ఆయన గర్వంగా.

"అన్నయ్యగారూ!" లాండ్రీ ఆవిడ అప్పటికే తన ఫోన్ చదువుతోంది. "మా షాపులో సగమేంటండీ? ఎవరి నోటి పుణ్యం ఇది?"

కళ్ళద్దాల ఆయన తన కళ్ళజోడు తీసి అద్దం తుడవడంలో పడ్డాడు. సెలూన్ ఆయనకు అప్పుడు అనుమానం వచ్చింది. "ఉండండుండండి. కటింగ్ సంగతేం రాసుంది అందులో?"

అత్తసొమ్ము అల్లుడు దానం చేశాడంటారు. ఈ గదిలో ముగ్గురూ అల్లుళ్ళే, ముగ్గురూ అత్తలే. కాసేపు ఎవరు ఎవర్ని తిడుతున్నారో తెలియలేదు. చివరికి ముగ్గురూ కలిసి సరేగారి వైపు తిరిగారు.

"నాకు సరే అన్నావా లేదా?"

"అన్నాను."

"మరి నాకో సార్?"

"మీకూ అన్నాను."

గది చల్లబడింది. ముందుగా తేరుకున్నది సెలూన్ ఆయన. దారం కట్టిన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇదిగో, ఏదైతేనేం. మోగిన కూపన్ కూపనే. పద, షాపు తియ్యి."

"అయితే నా కోటు ఇప్పించండి," అన్నాడు కళ్ళద్దాల ఆయన లాండ్రీ ఆవిడతో.

"మా ఆయన్ని పిలుచుకొస్తాను. పెద్దాయనా, కత్తెర కాస్త పదును పెట్టి ఉంచండి." ఆవిడ గుమ్మం దగ్గర ఆగి కాగితాల వైపు చూసింది. "సంతకం తర్వాత చూద్దాం అన్నయ్యగారూ, ముందు ఆ నెత్తి సంగతి."

మధ్యాహ్నానికి ఒకరికి కళ్ళజోడు, ఒకరికి కోటు, ఒకరి మొగుడికి తల దక్కాయి. ముగ్గురూ ఎంత పోగొట్టుకున్నారో అంత సంపాదించుకుని, పక్కవాడు తనను ముంచాడని ఎవరికి వాళ్ళు తృప్తిగా తిట్టుకున్నారు. బల్ల మీద పెన్ను మూత లేకుండా అలాగే ఆరిపోయింది.

"చూశావా! షాపులు మూడు, వాడిన కూపన్లు మూడు. నూటికి నూరు!" అన్నాడు సరేగారు మరదలితో.

"షాపువాళ్ళే షాపువాళ్ళ దగ్గర కొనుక్కున్నారు బావా. బయటివాడు ఒకడొచ్చాడా? వచ్చినవాడు తుమ్మి పోయాడు."

భార్య కాగితాలు తిరగేసి, ఖాళీగా ఉన్న చోట్లు చూసి, కింద పెట్టింది. మెడలో వేలాడుతున్న కొలతల టేపు తీసి గుమ్మానికీ కిటికీకీ మధ్య జాగా కొలవడం మొదలుపెట్టింది. ఆయన టేపు రెండో కొస పట్టుకున్నాడు.

"ఒక్కరితోనైనా కుదరదు అనలేకపోయారా?" అంది, టేపు మీంచి కళ్ళెత్తకుండా.

"నొచ్చుకుంటారని."

"ముగ్గురూ ఇప్పుడు నొచ్చుకోలేదా? పోనీ నేను? ఊరందరికీ మీరు సరే అంటారు. ఆ సరేలన్నీ మోసేది నా గది." గొంతు తగ్గించి అంది. "బోర్డు ఉంచుకుంటాను. చొక్కా కొలతలు గీసి చూపించడానికి బాగుంటుంది. కుర్చీ మాత్రం పోవాలి."

ఆయనకు నోట సరే రాలేదు. ఆ సాయంత్రం మిషన్లు ఒక్కొక్కటే ఆయనే మోసుకొచ్చి కిటికీ దగ్గర పెట్టాడు.

కుర్చీ కోసం సెలూన్ ఆయన వచ్చాడు. కొత్త కళ్ళజోడులోంచి గదినీ, గదిలో సరేగారి ముఖాన్నీ తేరిపార చూశాడు. "ఇన్నాళ్ళూ నువ్వు తెల్లగా ఉంటావనుకున్నానయ్యా," అన్నాడు. కుర్చీ తన షాపుకి తీసుకెళ్ళి, అది దిగకుండా కింద ఒక చెక్క దిమ్మ దూర్చాడు. "కుర్చీకి బదులు, నీకు ఎప్పుడొచ్చినా ఇక్కడ కటింగ్ ఉచితం. ఇది నోటి కూపన్. దీనికి ఫోన్ అక్కర్లేదు."

ఒకటో తారీఖు దాటాక ఒక పొద్దున సరేగారు ఆ నోటి కూపన్ వాడుకోవడానికి వెళ్ళాడు. తన కుర్చీలోనే కూర్చుని, మెడచుట్టూ గుడ్డ కట్టించుకున్నాడు. రోడ్డుకి అవతల తన ఇంటి కిటికీలోంచి మిషన్ల చప్పుడు వినిపిస్తోంది. బెంచీ మీద పేపరు చదువుతూ ఒక కొత్త మనిషి ఉన్నాడు. అద్దంలో ఆయన కనపడగానే సరేగారి ప్రాణం ఊరుకోలేదు.

"మీరు నడుస్తూ వెళ్తుంటారనుకోండి, మీ ఫోన్ టింగుమంటుంది..."

ఆ మనిషి పేపరు దించి మొత్తం విన్నాడు. "బాగుందే! అంటే నాకు ఇక్కడ సగం ధరకే కటింగ్ చేస్తారన్నమాట?"

సరేగారి తల ముందుకు కదలబోయింది. సెలూన్ ఆయన ఎడమ చేయి దాన్ని నడినెత్తిన గట్టిగా అదిమి పట్టుకుంది. కుడిచేతిలో కత్తి చెవి వెనక ఆగింది.

"ఊపావో, చెవి నాది కాదు, నీది."

అద్దంలో కొత్త కళ్ళజోడు ఆయన్నే చూస్తోంది.

"లేదండీ," అన్నాడు సరేగారు. "ఇక్కడ చెయ్యరు. నేను ఆయన్ని సరిగ్గా అడగనే లేదు."

నెత్తి మీద పిడుగేమీ పడలేదు. బెంచీ మీది మనిషి "అలాగా" అని, నొచ్చుకోకుండా పేపర్లోకి తల దూర్చాడు. చెవి వెనక కత్తి మళ్ళీ మెల్లగా కదిలింది. రోడ్డుకి అవతల ఎవరో కొత్త అమ్మాయి మిషన్ తొక్కుతున్నట్టుంది, చప్పుడు ఆగి ఆగి వస్తోంది.