క్యాబేజీ పిలకలు, పంది తునకలు

మా సంఘంలో ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే, ఆ మనిషికి అన్నిటికంటే ఇష్టమైన తిండిని ఇంటివాళ్ళు ఉపవాస ప్రార్థనలో దేవుని ఎదుట మానుకుంటారు. రోగి లేచి నిలబడి సాక్ష్యం చెప్పేదాకా ఆ తిండి వాళ్ళ పొయ్యి ఎక్కదు. వాళ్ళతో పాటు సంఘమంతా మానుకుంటుంది. ఒక పిల్ల కోసం ఒక ఎండాకాలమంతా మామిడిపండు ముట్టలేదు మేం. ఆ పిల్ల బతికింది. ఇప్పుడు కాలేజీకి పోతోంది.

మా అన్న కోసం నేను పంది మాంసం మానుకున్నాను.

గద్వాల శివారులో మా మందిరం. నా భర్త అక్కడ కాపరి. అందరూ ఆయన్ను అయ్యగారని, నన్ను అమ్మగారని పిలుస్తారు. ఇంట్లో నేనూ ఆయన్ను అయ్యగారనే అంటాను. మా వాడలో పంది మాంసం లేకుండా పెండ్లి లేదు, క్రిస్మస్ లేదు. అందుకే ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థనలో నేను లేచి మొక్కుబడి చెప్పగానే వెనుక వరసలోంచి ఎవరో "అయ్యో దేవా" అన్నారు. జనం నవ్వారు. నవ్వి, ఒప్పుకున్నారు. ఆ ఏడు క్రిస్మస్‌కు వాడంతా కోడికూరే వండుకున్నది. ఒక పెండ్లిలో మగపెళ్ళివాళ్ళు మూతి ముడిచినా మావాళ్ళు మాట తప్పలేదు.

అన్న పట్నంలో వంటవాడు. విదేశాల నుంచి వచ్చిన కుటుంబాలు ఉండే ఇళ్ళలోనే ఆయన వయసంతా గడిచింది. పెళ్ళి చేసుకోలేదు. కాలేయానికి క్యాన్సర్ వచ్చి, పెద్ద దవాఖానలో ఎక్కించాల్సిన మందులన్నీ ఎక్కించి, చివరికి "ఇంటికి తీసుకుపోండి, ఏం తింటానంటే అది పెట్టండి" అన్నారు. నేను మా ఇంటికి తెచ్చుకున్నాను. డాక్టర్ల చివరిమాట దేవుని చివరిమాట కాదని నమ్మి తెచ్చుకున్నాను. ఈ రోజుకీ ఆ నమ్మకం పోలేదు.

వచ్చిన కొత్తలో మంచం మీది నుంచే నా వంటకు వంకలు పెట్టేవాడు. తరువాత అదీ మానేశాడు. ఏది పెట్టినా నోరంతా ఇనుము నాకినట్టు ఉందనేవాడు. ఒకనాడు మధ్యాహ్నం జావ గిన్నె పక్కకు నెట్టి, నా వైపు తిరిగాడు.

"చెల్లె, ఒకటి వండిపెడ్తవా? దొరసాని ఇంట్ల చలికాలం వండుతుంటి. నిమ్మకాయంత గోబిగడ్డలు, పంది తునకలతోని. అన్నంల కూర కాదు, పక్కకు పెట్టుకునేది."

గోబిగడ్డంటే మా వైపు క్యాబేజీ.

"ఎన్కట బేకన్ అంటివే, అదా?"

"అదే. మనమ్మ ఉప్పేసి ఎండబెట్టే తునకలకు వాళ్ళు పెట్టుకున్న పేరు."

మా పుట్టిల్లు నాగర్‌కర్నూల్ వైపు. అమ్మ పంది మాంసాన్ని పొడుగ్గా కోసి, ఉప్పు, పసుపు పట్టించి దండెం మీద ఆరేసేది. కాకులను తోలడం మా అన్న పని.

"మొక్కుబడి ఉన్నది కదన్నా," అన్నాను.

"నా పేరు మీద మొక్కుతివి. నన్ను అడిగినవా?"

"నీ మంచికే."

"యేసయ్య యూదుడాయె చెల్లె. పంది మానేస్తమని మొక్కితే ఆయనకేం పట్టింపు? ఆయన ఎన్నడన్న తిన్నడా?"

నాకు నవ్వు ఆగలేదు. ఆయనా నవ్వబోయి కడుపు పట్టుకున్నాడు. నొప్పి తగ్గాక అన్నాడు, "అది తీరే మొక్కు కాదమ్మా. నీకు తెల్వదా?"

"గట్ల అవిశ్వాసం మాటలు మాట్లాడకు," అని గిన్నె తీసుకుని లేచిపోయాను.

మొక్కుబడుల గురించి నేను ఆడవాళ్ళ కూటంలో ఎన్నోసార్లు వాక్యం చెప్పాను. నోటితో పలికింది చెల్లించాలని చెప్పాను. ఆ కూర వండితే సంఘం ముందు ఆడిన మాట పోతుంది. దానికంటే నన్ను పట్టి ఆపింది ఇంకొకటి. వండితే అన్న లేవడని నేను ఒప్పుకున్నట్టే. ఆయన అడుగుతున్నదీ అదేనేమోనని నాకు భయం. అన్నిటికీ అయ్యగారి సలహా అడిగే నేను దీన్ని మాత్రం అడగలేదు. అడిగితే ప్రార్థన చేద్దాం అంటారు. చేస్తూనే ఉన్నాం కదా.

తరువాత నాలుగైదు రోజులకు, బట్టలు ఆరేసి లోపలికి వస్తే అన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు. అరచేతిలో కల్లుప్పు. దాన్ని నాకుతున్నాడు.

"ఏంది గది?"

"చూస్తున్న," అన్నాడు. "ఉప్పు తెలుస్తలేదు చెల్లె."

వయసంతా వంట చేసిన మనిషి. నోటికి అన్నం సహించనప్పుడు కూడా ఏడవనివాడు, ఆ ఉప్పు చేతిలో పట్టుకుని ఏడ్చాడు. నేను చేయి కడిగి తుడిచాను. "నిమ్మకాయంత గోబిగడ్డలు గద్వాలల యాడ దొరుకుతయి?" అని అడిగాను.

ఆయన నా ముఖం చూసి వెంటనే చెప్పాడు. "మామూలు గోబిగడ్డ కోసినంక మోడు పీకకుంటే పక్కలకెల్లి పిలకలొస్తయి. చిన్న చిన్న గడ్డలు కడ్తయి. అవి చాలు."

గట్టు అనే ఊరికి పోయే రోడ్డులో బోరు కింద కౌలుకు కూరగాయలు పండించే ముస్లిం రైతు ఉన్నాడు. మా ఇంటికి కూరగాయలు ఆయన దగ్గరే. వెళ్ళేసరికి క్యాబేజీ మళ్ళు కోసేసి ఉన్నాయి. మోళ్ళ పక్కన పిలకలు నిజంగానే ఉన్నాయి, కొన్ని విచ్చుకుపోయి, కొన్ని గట్టిగా ముడుచుకుని.

"తెంపుకో అక్కా. బర్లకు ఇడుద్దామనుకుంటి. వీట్ల ఏమేసి వండుతవు?"

"ఉత్త ఉప్పేసి."

"ఉత్త ఉప్పా! మీ అన్న పట్నంల నేర్చిన వంట గిదేనా? గందుకే మనిషి గట్ల ఎండిపోయిండు." అనేసి, నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "జర నయమేనా?"

"ప్రార్థన చేస్తున్నం."

"నేను గూడ దువా చేస్తున్న అక్కా. నమాజ్‌ల యాది చేస్కుంట."

నా చేతిలో సంచి ఉంది. ఆ పిలకలు దేనితో కలవబోతున్నాయో ఆయనకు చెప్పలేకపోయాను. ఎంతమంది ఎన్ని విధాల మొర పెట్టుకుంటున్నారో అనుకుంటూ పొలం గట్టు దిగి వచ్చాను.

మాంసం కోసం వనపర్తికి బస్సులో పోయాను. అక్కడ నన్ను అమ్మగారని పిలిచేవాళ్ళు లేరు. కొవ్వున్న ముక్క అడిగి తెచ్చి, అన్న చెప్పినంత ఉప్పు పట్టించాను. అది నాకు చాలా ఎక్కువనిపించింది. "ఎయ్యి, ఇంకా ఎయ్యి," అన్నాడు. బయట ఆరేస్తే వాడంతా చూస్తుంది. అందుకని వెనుక గదిలో రేకుల కింద తాడు కట్టాను. రేకుల వేడికి తునకలు ముడుచుకుని నల్లబడ్డాయి.

శుక్రవారం కాకుండా చూసుకుని, అయ్యగారు మానవపాడులో కూటానికి పోయిన రోజు వండాను. అన్న మంచాన్ని వంటింటి గడప దాకా జరిపాను. తునకలను సన్నగా కోసి నూనె లేకుండా పెనం మీద వేయించమన్నాడు. కొవ్వు కరిగి పెనమంతా పరుచుకుంది. తునకలు తీసి పక్కన పెట్టి, పిలకలను నిలువునా రెండుగా కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా ఆ కొవ్వులో పేర్చాను.

"కలపకు."

"మాడుతయన్నా."

"మాడనీ. జర మాడితేనే తీపి వస్తది."

నా చేయి దానంతటదే పసుపు డబ్బా మీదికి పోయింది. "ముట్టితే చెయ్యి ఇరగ్గొడ్త," అన్నాడు. చాలా రోజుల తరువాత విన్నాను ఆ గొంతు. అంచులు గోధుమరంగుకు తిరిగాక తునకలు మళ్ళీ వేసి దించమన్నాడు. నిమ్మకాయ పిండి, పళ్ళెంలో పెట్టాను.

వేగిన పంది కొవ్వు వాసనను ఏ తలుపూ ఆపలేదు. ఆ వాడలో నెలల తరబడి ఎవరింటా లేని వాసన అది. అన్న మొదటి పిలక నోట్లో పెట్టుకునే లోపే వాకిట్లో చెప్పుల చప్పుడయింది. మా సంఘంలో అందరికంటే పెద్దామె వచ్చింది, వెనుక మరో ఇద్దరు ఆడవాళ్ళు. మామిడిపండు మొక్కుబడి ఈమె మనవరాలి కోసమే. గడపలో నిలబడి పెనం చూశారు, పళ్ళెం చూశారు, నన్ను చూశారు. వండానని కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. నేను ఆశ వదులుకున్నానని వాళ్ళకు ఆ వాసనతోనే అర్థమైంది. వెనుకున్న ఒకామె కొంగు నోట్లో కుక్కుకుంది.

అన్న నమిలాడు. చాలాసేపు నమిలాడు.

"తెలుస్తున్నది," అన్నాడు. "ఉప్పు. జర జర తెలుస్తున్నది."

సగం మింగాడు. రెండోది సగంలోనే ఆపి, చేత్తో వద్దన్నాడు. పెద్దామె వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. ఎవరూ పెట్టకుండానే పళ్ళెంలోంచి ఒకటి తీసుకుని, తునకతో కలిపి నోట్లో వేసుకుంది.

"గిదేం వంట కొడుకా, కారం లేదు, మసాల లేదు," అంది.

"దొరసాన్లు గట్లనే తింటరు పెద్దమ్మా."

"గందుకే తెల్లగుంటరు." ఆమె ఇంకొకటి తీసుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, నములుతూనే ఉంది. మిగిలిన ఇద్దరికీ తనే తలా ఒకటి అందించింది. ఆ మొక్కుబడి అక్కడితో ముగిసింది.

అయ్యగారు చీకటి పడే వేళకు వచ్చారు. ఆడవాళ్ళు ఇంకా మంచం దగ్గరే ఉన్నారు. వాకిట్లోనే ఆగారు. వాసన ఇంకా పోలేదు. లోపలికి వచ్చి, నన్ను ఏమీ అడగకుండా కాళ్ళు కడుక్కుని, మంచం పక్కన మోకరించారు. రోజూ చేసే ప్రార్థనే. రోజూ ఆయన "లేపు ప్రభువా, నిలబెట్టు" అని అడుగుతారు. ఆ రోజు ఆ మాట వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. నొప్పి లేకుండా తీసుకోమని అడిగారు.

ప్రార్థన ముగిసింది. ఆమెన్ అనాలి. ఆడవాళ్ళు అనలేదు. నాకు నోరు రాలేదు.

మంచం మీది నుంచి మా అన్నే అన్నాడు.