దండ వద్దన్న ఫోటోతో ధర్మవరం నుంచి హిందూపురం దాకా

హిందూపురం నుంచి ఆ ఆహ్వానపత్రం రాకపోయుంటే, ఈ వయసులో నడుం నొప్పితో సీమ బస్సులెక్కే పని నాకు లేదు. కార్డులో నా పేరు పక్కన ‘విశ్రాంత పైలట్’ అని వేశారు. నేను పైలట్‌ను కాను, వాయుసేన విమానాలకు బోల్టులు బిగించిన ఫిట్టర్ని. డెబ్బై ఒకటి యుద్ధంలో ఫకృద్దీన్ గారిని సీట్లో కూర్చోబెట్టి పట్టీలు బిగించింది మాత్రం నేనే. ఆ రోజు ఆయనకు జంటగా వెళ్ళిన రెండో విమానానికి దెబ్బ తగిలి పొగ కక్కుతూ వెనక్కి మళ్ళింది. దాని మీదికి వచ్చే కాల్పులను తన వైపు తిప్పుకోవడానికి ఈయన మళ్ళీ ముందుకు దూసుకెళ్ళాడు. ఆ రెండో పైలట్ క్షేమంగా దిగి మాకు ఈ సంగతి చెప్పాడు. ఫకృద్దీన్ గారు రాలేదు. విమానమూ దొరకలేదు, మనిషీ దొరకలేదు. ముప్పై అయిదేళ్ళు దాటాక సొంతూరికి ఆయన గుర్తొచ్చి, హిందూపురంలో ఒక కల్యాణమండపంలో ఉదయం పదకొండింటికి సన్మానసభ పెట్టుకున్నారు. ధర్మవరంలో ఉన్న ఆయన భార్య మహబూబ్‌బీ గారిని వెంటబెట్టుకొచ్చే పని నాకు అప్పగించారు.

కాచిగూడలో రాత్రి బండెక్కితే తెల్లవారేలోగా ధర్మవరంలో దింపాలి. నన్ను ఏడింటికి దింపింది. స్టేషను బయట ఆటో అతను ఇరవై రూపాయలన్నాడు, సరే అని ఎక్కాను. ఎక్కాక తెలిసింది, నా కాళ్ళ దగ్గరున్న మూటలో పట్టుచీరలున్నాయని. ‘‘రెండు నిమిషాలే సార్, ఈ చీరలు షాపులో ఇచ్చేసి పోదాం’’ అన్నాడు. ఒక షాపు కాదు, మూడు షాపులు. మూడో చోట షావుకారు చీరలన్నీ విప్పి అంచులు చూసేదాకా నేను ఆటోలో కూర్చుని దోమలు తోలుకున్నాను. ‘‘అప్పా, నాకు హిందూపురంలో సభ ఉంది’’ అంటే, ‘‘సభలు యాడన్నా టయానికి మొదలైతాయా సార్?’’ అన్నాడు. అతనే నిజం చెప్పాడని మధ్యాహ్నానికి అర్థమైంది.

మహబూబ్‌బీ గారు మేనల్లుడి ఇంట్లో ఉంటారు, పట్టుదారం కండెలు చుడతారు. మెడలో నల్లపూసలు పెళ్ళినాటివే. ఆయన చనిపోయినట్టు భావిస్తున్నామని వాయుసేన నుంచి కాగితం వచ్చిన రోజున కూడా వాటిని తియ్యలేదు. గోడ మీది ఫోటో దించి గుడ్డలో చుడుతూ, ‘‘అన్నా, దీనికి ఆడ దండ ఏస్తారా?’’ అని అడిగారు. తెలియదన్నాను. ‘‘ఏస్తే నేను రాను. పోయినోళ్ళకు చేసే నలభయ్యో దినం ఫాతిహా చేస్తామని మా వాళ్ళు ఎంత చెప్పినా నేను చెయ్యనియ్యలేదు. మనిషిని చూపియ్యకుండా ఎట్ల చేసేది? ఫోటోకు దండ ఏసినారంటే పోయినాడని ఊరంతా ఒప్పుకున్నట్టే కదా’’ అన్నారు. నేను చూసుకుంటానమ్మా అని మాటిచ్చేశాను. మాటివ్వడం ఎంత తేలిక!

హిందూపురానికి నేరుగా పోయే బస్సు అప్పుడే వెళ్ళిపోయిందట. పెనుకొండలో మారదామని ఎక్కిన బస్సులో ఇద్దరికీ కలిపి నలభై రూపాయల దాకా అయింది. గంటలో చేరాల్సింది, దారిలో టైరు పోయి రెండు గంటలు పట్టింది. పెనుకొండ బస్టాండు పక్క హోటల్లో బొరుగుల ఉగ్గాని, బజ్జీ చెప్పాను. వంటాయన ప్లేటు నిండా తెచ్చి పెట్టి, ‘‘తిను సార్, కోపం కడుపులో ఉంటే బస్సు తొందరగా రాదు’’ అన్నాడు. ఉగ్గాని మాత్రం బ్రహ్మాండం. సగం తినేసరికి కమిటీ కార్యదర్శి నరసింహప్ప ఫోను. ‘‘యాడుండారు సార్? ఏర్పాట్లన్నీ అయిపోయినాయి. ఎనిమిదడుగుల హారం కట్టించినాం, ఫోటోకు. దీపం, రెండు నిమిషాల మౌనం కూడా ఉండాది.’’

గోరుచుట్టు మీద రోకటిపోటు. హారం వద్దని చెప్పాను. ‘‘దండ లేకుండా ఫోటో ఎట్ల పెట్టేది సార్? జనం ఏమనుకుంటారు, మర్యాద తెలీనోళ్ళనుకోరా?’’ అన్నాడు. అవతల ఆయనది నిజమైన గౌరవమే, దానితోనే నాకు ఒళ్ళు మండింది. మహబూబ్‌బీ గారు అన్నీ విన్నారు. లేచి ధర్మవరం బస్సు ఎటు నిలుస్తుందో వంటాయన్ని అడగడం మొదలుపెట్టారు. నేను ఫోనులో అరిచాను. చివరికి నరసింహప్ప, ‘‘సరే సార్, అందరికీ చెప్తాను, మీరు రండి’’ అన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమెను బతిమాలి హిందూపురం బస్సెక్కించాను.

ఒంటిగంటకు చేరాం. సభ మొదలే కాలేదు. ముఖ్య అతిథి మూడున్నరకు వచ్చాడు. వచ్చాక ఆయనకు శాలువా, ఆయన వెంట వచ్చినవాళ్ళకు శాలువాలు, కమిటీకి శాలువాలు, మైకు సెట్టు అతనికీ ఒకటి. ఉపన్యాసంలో ఆయన ఫకృద్దీన్ గారి పేరు రెండు రకాలుగా పలికి, మిగతా సమయమంతా తాను వేయించిన రోడ్ల గురించి చెప్పాడు. ఆ తరవాత వ్యాఖ్యాత కార్డు చూసి గట్టిగా చదివాడు: ‘‘ఇప్పుడు అమరవీరుని చిత్రపటానికి పూలమాల.’’ నరసింహప్ప అందరికీ చెప్పాడు, కార్డు చదివేవాడికి తప్ప. ఆ పిలుపు వినగానే అలవాటు కొద్దీ ఇద్దరు హారం మోసుకొచ్చారు, ముఖ్య అతిథి చేతులు చాచాడు. నేను వేదిక ఎక్కి ఫోటోకు అడ్డంగా నిలబడ్డాను. ‘‘జరగప్పా, కెమెరాకు అడ్డమొస్తాండావు’’ అన్నారెవరో. నేను జరగలేదు.

అప్పుడు మహబూబ్‌బీ గారు మెట్లెక్కి వచ్చి రెండు చేతులూ ముందుకు పెట్టారు.

‘‘ఆయన ఈడ లేడు కదా సార్. నాకియ్యండి. ఆయన తరపున తీసుకుంటా.’’

ముఖ్య అతిథి తికమకపడ్డాడు. ‘‘వాడిపోతుంది కదమ్మా?’’

‘‘వాడిపోనీ సార్. ఆయనొచ్చినాక మీరే ఇంగొకటి ఏద్దురు, మెడలో.’’

ఆయన హారాన్ని ఆమె చేతుల్లో పెట్టాడు. కార్యక్రమంలో రాసుకున్న రెండు నిమిషాల మౌనం పాటించమని ఎవరూ అడగలేదు.

తిరుగు బస్సులో కండక్టరు ఆ హారానికి లగేజీ టికెట్టు కొడతానని గొడవపెట్టుకున్నాడు, నేను కూడా తగ్గలేదు. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని ధర్మవరం దాకా నిద్రపోయారు. ఈ ప్రయాణంలో రైలు మీద, ఆటో మీద, టైరు మీద, శాలువాల మీద విసుక్కున్నాను. ఇంటికొచ్చి ఇది రాస్తుంటే ఆ విసుగులో సగం నా మీదేనని తెలుస్తోంది. ఆ విమానం ఎంత కిందికి దిగిందో, ఎదుట ఎన్ని తుపాకులున్నాయో రెండో పైలట్ నాతో చెప్పాడు. ఆయన రాడని నాకు ఆ సాయంత్రమే తెలుసు. ఆమెను కలిసిన ప్రతిసారీ ఏం తెలియనట్టే మాట్లాడాను, వేదిక మీద కూడా ఆ దండకు అడ్డం నిలబడ్డాను. మళ్ళీ పిలిచినా అలాగే నిలబడతాను.

ఒక్క సలహా: ఇలాంటి సభ మీ ఊళ్ళో పెట్టుకుంటే, పూలకు చెప్పే ముందు ఆ ఇంటికి వెళ్ళి అడగండి.