మేస్త్రీకి నేను చెప్పిన వార్తలు

ఆ మేస్త్రీని నేను క్షమించలేదు. ముందే చెబుతున్నాను, చదివేవాళ్లు అతని మీద జాలి పడొద్దు.

కరోనా వచ్చిన ఏడాది ఒమన్ దేశంలోని దుక్మ్‌లో మా సైట్ ఆగిపోయింది. మేముండే కూలీల క్యాంపు గేటు మూసేశారు. డ్యూటీ లేదు, బయటికి పోయేది లేదు. నా రూమ్‌లోనే నా భార్య తమ్ముడు ఉండేవాడు. వీసా తెప్పించి వాణ్ణి తీసుకొచ్చింది నేనే. రూమ్‌లో ఎవరికీ చదువు రాదు. నేను అక్షరాలు దిద్దింది ఆ తర్వాతే, ముసలితనంలో. అప్పుడు మాకు ఫోన్లో వార్తలు చదివి చెప్పేవాడు మేస్త్రీ. మా పక్క జిల్లావాడే.

సాయంత్రం కాగానే మా గడప ముందు కుర్చీ వేసుకునేవాడు. ఉన్నది చదివి ఊరుకుంటే ఏ గొడవా ఉండేది కాదు.

"ఇయ్యాల పక్క క్యాంపుల ఇంకిద్దరు పోయిన్రు. శవాన్ని గూడ ఇంటికి పంపరంట, ఈ ఇసుకలనే పూడుస్తరంట. ఏమయ్యా, నీకు దగ్గొస్తున్నట్టుంది?"

ఆ చివరి మాట ఎప్పుడూ నా బావమరిదికే. వాడు బెదురుతుంటే మేస్త్రీకి నవ్వు. బెదిరినవాడి చేత బట్టలు ఉతికించుకునేవాడు కూడా.

బావమరిది తిండి మానేశాడు. తోలు లేచేదాకా చేతులు కడిగేవాడు. నేను కలిపి పెట్టినా ముద్ద మింగేవాడు కాదు. "బావా, నన్ను ఈడనే పూడుస్తరా?" అనేవాడు. ఊరి నుంచి నా భార్య రోజూ ఫోన్ చేసి ఒకటే అడిగేది: "నా తమ్ముడు తిన్నడా?"

పక్క క్యాంపు వంటవాడికి ఫోన్ చేశాను. అక్కడ ఎవరూ చావలేదన్నాడు. చెబితే మావాడు నమ్మలేదు. మేస్త్రీ చదువుకున్నవాడు, నేను కాదు.

తర్వాత మేస్త్రీకే జ్వరం వచ్చింది. క్యాంపు చివరి గదిలో ఒంటరిగా ఉంచారు. అన్నం ఇచ్చి రావడానికి ఎవరూ కదల్లేదు. నేను పోతానన్నాను. మంచివాణ్ణనుకున్నారు. నీళ్ల సీసా పట్టించి బావమరిదిని కూడా లాక్కుపోయాను.

పళ్లెం గడప ముందు పెట్టి, దూరంగా జరిగి గొంతు పెంచాను.

"మేస్త్రీ సారూ, ఇయ్యాల వార్తలు ఇనుండ్రి. మన క్యాంపుల ఒకాయనకు జ్వరమొచ్చిందంట. గుంత తవ్వుతున్నరు. ఇసుక గట్టిగున్నదంట, జర లేటయితది."

"ఆపు కాకా, దండం పెడ్త!"

"ఇంకా ఉన్నది సారూ. దగ్గొస్తున్నదా?"

లోపల ఏడుపు మొదలైంది. "పక్క క్యాంపుల ఎవ్వలు సావలే కాకా. ఉత్తగనే చెప్పిన. నువ్వు గూడ ఉత్తగనే చెప్తున్నవు గదా? చెప్పు కాకా!"

నేను వెనక్కి తిరిగితే, బావమరిది నోరు తెరిచి నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

రూమ్‌కొచ్చాక పప్పులో రొట్టె ముంచుకుని తిన్నాడు. "దొంగ నాయాలు," అంటూ ఇంకోటి అడిగాడు.

ఆ సాయంత్రం నా భార్య ఫోన్ చేసింది. తిన్నాడన్నాను. ఏం మందిచ్చావని అడిగింది. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"రేపు గూడ పో," అన్నది.

పోయాను.